గొట్టం మూతి దగ్గర

ఒరే ఎస్కిల్,
ఆ ఆగస్టులో నువ్వేం మాట్లాడలేదు.
బకెట్ తెచ్చి నా వంటింటి బల్ల మీద పెట్టి
టోపీ అయినా తియ్యకుండా వెళ్ళిపోయావు.
బకెట్లో పదకొండు చేపలు, పలచటివి,
రెండు కళ్ళూ ఒకే చెంపన ఉండే జాతి.
అన్నీ నన్నే చూస్తున్నాయి.

ఫ్యోర్డ్ అడుగున ఊపిరి అయిపోయిందని
రేడియోలో చెప్పారు.
సముద్రపు గడ్డి మీద తెల్లటి బూజట,
శవానికి దుప్పటి కప్పినట్టు.
కప్పిందెవరో చెప్పలేదు.

నాన్న పొలం నాకిచ్చాడు, పడవ నీకిచ్చాడు.
మధ్యలో గొట్టాలున్న సంగతి
వీలునామాలో రాయలేదు.
తాత పాతిన మట్టిగొట్టాలు,
మీటరు లోతున,
నా మెరక కింది నుంచి నీ నీళ్ళలోకి.

దొంగలు పడ్డ ఆరు నెలలకు
మొరిగిన కుక్కని నేను.
బార్లీ కోయించగానే దున్ని, చదును చేసి,
బడికి పంపే పిల్లాడిలా
పొలాన్ని దువ్వి నిలబెట్టేదాన్ని,
దారిన పోయేవాళ్ళు చూడాలని.
తరవాత మన జట్లాండ్ వాన.
గట్టిగా కురవదు, ఆగదు.
పంట తినగా మిగిలిన నత్రజని
ఉప్పులా కరిగి, కాలి చప్పుడు లేకుండా
మీ ఇంటికి వచ్చేది.
బస్తాలకు డబ్బు నేను కట్టాను.
మిగతాది నువ్వు కట్టావు.

నిరుడు, బార్లీ ఇంకా నిలబడి ఉండగానే
నూనెముల్లంగి విత్తనం చల్లించాను.
చల్లడానికి వచ్చిన ట్యూగె నవ్వాడు:
"అమ్మడానికా? తినడానికా?"
రెండూ కాదన్నాను.
"మరి దేనికి?"
కాపలాకి.

కోత మిషను వెళ్ళిన వారానికి
మోళ్ళ మధ్య రెండేసి ఆకులు.
నవంబరుకి ఊరు ఊరంతా నల్లటి నేల,
నాదొక్కటే పచ్చగా, చింపిరిగా,
దువ్వెన ఎరగని తలలా.
ఒక మొక్క పక్కన తవ్వి చూశాను.
గడ్డ జానెడే. దాని కింద దారం లాంటి వేరు
పోతూనే ఉంది, పోతూనే ఉంది.
నా నడుము అయిపోయింది, వేరు అయిపోలేదు.
పారిపోతున్నవాడి చొక్కా దొరికేదాకా
వెంటపడ్డ మనిషిలా
నీటి వెనకే దిగిపోయింది.

డిసెంబరులో గొట్టం మూతి దగ్గర
బురదలో మోకాళ్ళేసి
పరీక్ష కాగితం ముంచాను. అరవై లెక్కపెట్టాను.
అంతకు ముందటి చలికాలం అది
రబర్బ్ జామ్ రంగుకి తిరిగింది.
ఈసారి గోరు కింద ఉండేంత ఎరుపు, అంతే.
కళ్ళజోడు తుడుచుకుని ఇంకోటి ముంచాను.
అదీ అంతే.
పండగేం చేసుకోలేదు.
ఇది ఒక్క గొట్టం, నాకు పదిహేడున్నాయి.
పై ఊళ్ళవాళ్ళకి ఎన్నో
వాళ్ళకే తెలియదు.

జనవరి మంచు ముల్లంగిని చంపేసింది.
పొలమంతా కుళ్ళిన క్యాబేజీ కంపు.
పోస్టు తెచ్చే అమ్మాయి కారు అద్దం దించడం మానేసింది.
చస్తే చచ్చింది గానీ
పట్టుకున్నది వదల్లేదు, ఒళ్ళోనే ఉంచుకుంది.
వేసవి ముఖం చూశాక మెల్లగా మట్టికిస్తుంది,
నా ఓట్లు తాగుతాయి.
హెక్టారుకి ఒక బస్తా తక్కువ కొన్నాను.
లెక్కల పుస్తకంలో ఆ తగ్గింపు పక్కన
కారణం రాయాల్సిన గడిలో
నీ పేరు రాశాను.

నిన్న నువ్వు మెరక ఎక్కి వచ్చావు.
ముక్కు చిట్లించి "కంపు" అన్నావు.
ఏడాదిన్నరకి నీ మొదటి మాట.
వలలో ఏమైనా పడుతోందా అని
నేనడగలేదు. పడటం లేదని నీ చేతులే చెబుతున్నాయి,
ఇళ్ళకు రంగులేసే పనికి పోతున్నావుగా,
గోళ్ళ చుట్టూ తెలుపు.
గొట్టం దగ్గర వంగి
నీళ్ళ కింద అరచెయ్యి పెట్టి
చాలాసేపు అలాగే ఉన్నావు,
బరువు చూస్తున్నట్టు.

బకెట్ గుర్తుచేశావు వెళుతూ వెళుతూ.
ఉంది. కడిగే ఉంచాను.
ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా,
దాన్లో నిరుటి ముల్లంగి విత్తనం
సగం దాకా ఉంది.
ఆగస్టు దాకా
నా దగ్గరే ఉండనీ.